ముందు దీపాలా, నీళ్ళా

ఆ చిన్న లైబ్రరీలో పనిచేసే ఆవిడని వీధి వీధంతా పుస్తకాలమ్మ అనేది. యాభై దాటిన మనిషి. పెళ్ళి మాటెత్తితే నవ్వేసి ఊరుకునేది. అక్కా బావలతో కలిసి తండ్రి కట్టించిన ఇంట్లోనే ఉండేది. బావ తాళాలు చేసేవాడు, ఇంటి ముందు గదే అతని దుకాణం. ఇల్లు వీధికి సరిగ్గా నడిమధ్యన ఉండేది. వీధి మలుపు తిరిగితే లైబ్రరీ.

నవలల కోసం వచ్చేవాళ్ళని ఆవిడ పెద్దగా పట్టించుకునేది కాదు, వాళ్ళ తంటాలు వాళ్ళు పడేవాళ్ళు. ఆవిడ ప్రాణమంతా కిటికీ పక్క అలమారలో ఉండేది. అందులోవన్నీ ఆ ఊరి గురించిన పుస్తకాలే. కల్పించినవి కావు, జరిగినవి. మురుగుకాలవల ఇంజనీరొకాయన రిటైరయ్యాక రాసింది, ట్రాములు నడిచిన రోజుల గురించి లావుపాటిదొకటి, ఏ చెరువు పూడ్చి ఏ కాలనీ వేశారో పటాలతో సహా చెప్పేది ఇంకొకటి. ఎవరైనా వచ్చి చదవడానికి ఏదన్నా ఇవ్వమంటే, "మీరుండేది ఎక్కడ?" అనడిగేది. చెప్పీ చెప్పగానే లేచి, తడుముకోకుండా ఒకటి లాగి చేతిలో పెట్టేది. కొత్తగా ఫ్లాటు కొనుక్కున్న బస్సు డ్రైవరుకి చెరువుల పుస్తకం ఇచ్చింది. అతను దాన్ని తిరిగి తెచ్చి, "మీ పుణ్యమా అని వాన పడితే నిద్ర పట్టట్లేదండీ" అన్నాడు. "మంచిదే. సామానంతా పై అరల్లో పెట్టుకుంటారు" అందావిడ.

బూడిదరంగు చొక్కా వేసుకున్న ఒకాయన అక్కడికి మొదటిసారి ఒక మధ్యాహ్నం వచ్చాడు. మెత్తటి గొంతు. శుభ్రమైన చేతులు. ఈ ఊరి చరిత్ర మీద మంచివేవో మీరే చెప్పండి అన్నాడు. ఆ మాట కోసమే ఇన్నేళ్ళూ కూర్చున్నట్టయింది ఆవిడకి.

"మీరుండేది ఎక్కడండీ?"

"పని ఎక్కడుంటే అక్కడేనండి" అని నవ్వాడు.

ఇంజనీరు పుస్తకం ఇచ్చింది. చెప్పిన రోజుకి తెచ్చేశాడు, ఒక్క పేజీ మూల కూడా నలగలేదు. ట్రాములది ఇచ్చింది, చెరువులది ఇచ్చింది. ప్రతిదాని గురించీ నిలబడి మాట్లాడేవాడు. రాత్రి భోజనాల దగ్గర అక్కతో, "ఇన్నాళ్ళకి ఒక చదివే మనిషి దొరికాడే" అని మురిసిపోయింది.

ఒకరోజు ఆయన, "కట్టడాల గురించి చాలు. మనుషుల గురించి ఏమైనా ఉందా? ఉన్న చోటునుంచి లేచిపోవలసి వచ్చినవాళ్ళ గురించి" అన్నాడు.

ఉంది. ఆవిడ అందరికీ ఇచ్చేది కాదు దాన్ని. ఇప్పుడు పెద్ద బస్టాండున్న చోట ఒకప్పుడు అద్దకంవాళ్ళ పేట ఉండేది. అక్కడే పుట్టి పెరిగిన ఒక పంతులమ్మ, ఆ పేట ఎలా ఖాళీ అయిందో రాసిన పుస్తకం అది. ఎవరినీ మెడపట్టి గెంటలేదు. ఒక్క లాఠీ లేవలేదు. అయినా పేటంతా తనంతట తనే వెళ్ళిపోయింది.

"నిదానంగా చదవండి" అంది. "కళ్ళనీళ్ళొస్తాయి."

ఆయన తిరిగి తెచ్చినప్పుడు ఎలా ఉందని అడిగింది. "చాలా ఉపయోగపడిందండి" అన్నాడు. ఆ పుస్తకం చదివి బాధపడినవాళ్ళున్నారు, కోప్పడినవాళ్ళున్నారు. ఉపయోగపడిందన్నవాళ్ళు లేరు. ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"ఒక్కటి మరిచిపోయానండి. ఆ పేటలో ముందు దీపాలు పోయాయా, నీళ్ళా?"

"దీపాలు" అందావిడ. "తర్వాత చెత్తబండి రావడం మానేసింది. నీళ్ళు ఆ తర్వాత."

"అవునవును" అని తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ వానాకాలం వెళ్ళేసరికి ఆవిడ వీధిలో దీపాలు పోయాయి. బల్బులు మాడిపోయాయనుకున్నారంతా. ఫిర్యాదు చేస్తే చూస్తామన్నారు. తర్వాత చెత్తబండి వీధి మొగదాకా వచ్చి వెనక్కి తిరిగిపోవడం మొదలైంది. కుప్పల మీద ఈగలు ముసిరాయి. తర్వాత ఒక పొద్దున అక్క పంపు తిప్పితే దారంలా సన్నగా కారి ఆగిపోయింది. అక్క బిందె అలాగే పట్టుకుని, "ఈ వీధికి ఏం పుట్టిందే?" అంది.

పుస్తకాలమ్మ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. తను ఆయనకి చెప్పిన వరసే ఇది.

ఆ రోజే పనికి వెళ్తుంటే ఆయన కనిపించాడు. టైలరు దుకాణం ఎదురుగా నిలబడి పైకప్పుల వంక చూస్తున్నాడు. ఆవిడని చూసి మర్యాదగా పక్కకి జరిగి, "మీ ఇల్లు కూడా ఇక్కడేనా? తెలియదండి" అన్నాడు. మొహంలో దాపరికం ఏమీ లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

ఆదివారం పొద్దున్న ఆవిడ పంతులమ్మ పుస్తకం చంకలో పెట్టుకుని టైలరు దుకాణానికి వెళ్ళింది. టైలరు వీధికి పెద్దమనిషిలాంటివాడు, అతని బల్ల చుట్టూ ఎప్పుడూ నలుగురు ఉంటారు. ఆవిడ నిలబడే చదివింది. దీపాలు, చెత్త, నీళ్ళు.

"అయితే ఈ తర్వాత ఏం జరుగుతుందో కూడా అందులో ఉందన్నమాట" అన్నాడు టైలరు, మిషను మీద చెయ్యి ఆపి.

"ఉంది. మనలో మనకి చెడుతుంది. ఫలానావాడు లోపాయికారీగా బేరం చేసుకున్నాడని ఎవరో అంటారు. ఎవరన్నారో తెలీదు. ఆ తర్వాత వీధి మధ్యలో ఒక ఇల్లు కొని, తాళం వేసి, పాడుబెడతారు. అది చూసి అటూ ఇటూ వాళ్ళకి ధైర్యం చెడుతుంది."

"తెలిశాక ఇంకేం? మనం పడం ఆ గోతిలో" అన్నాడు టైలరు. అందరూ తలలూపారు. ఆవిడకి కొంచెం ఊపిరి ఆడింది.

నెల తిరగకుండా టైలరు ఇల్లు అమ్మడానికి బయానా పుచ్చుకున్నాడన్న మాట పుట్టింది. ఎక్కడ పుట్టిందో తెలీదు. ఆ రోజు తల ఊపినవాళ్ళే అతని దుకాణం ముందునుంచి మొహం తిప్పుకుని వెళ్ళడం మొదలెట్టారు. ఆవిడ ఇంటింటికీ తిరిగి, ఇది పుస్తకంలో ఉన్నదేనమ్మా, నమ్మకండి అని చెప్పింది. "నీకు పుస్తకం సంగతి తెలుసు, మాకు మనుషుల సంగతి తెలుసు" అంది ఒకావిడ. టైలరు ఎవరితోనూ పోట్లాడలేదు. ఒకరోజు మిషన్లు బండికెక్కించి, "చెయ్యనిదానికి మాటపడే బదులు చేసే పోతున్నానమ్మా" అని ఆవిడకి చెప్పి వెళ్ళిపోయాడు.

అతని తలుపుకి కొత్త తాళం పడింది. ఇత్తడి తాళం. అతని వెనకే ఖాళీ అయిన పక్కింటికీ అలాంటిదే, వీధి చివరింటికీ అలాంటిదే. ఆవిడ దగ్గరికి వెళ్ళి చూసింది. ఆ పనితనం ఎవరిదో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంటికి వచ్చేసరికి బావ ముందు గదిలో ఆకురాయి పెడుతున్నాడు.

"ఆ తాళాలు నువ్వు చేసినవేనా బావా?"

"పనిచ్చారు, చేశాను. తాళాలవాడు తాళాలు చేయక దోసెలు పోస్తాడా?"

"ఎవరిచ్చారు?"

అతను ఆకురాయి ఆపలేదు. లోపల్నుంచి అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎన్ని చెయ్యమన్నారు?" అనడిగింది పుస్తకాలమ్మ.

"వీధికి సరిపడా."

"మన తలుపుక్కూడా?"

అప్పుడు ఆగింది ఆకురాయి. అతను తల ఎత్తలేదు. "మంచి రేటిస్తామన్నారు. అందరూ పోయాక మనం ఒక్కళ్ళం ఇక్కడ దయ్యాల్లా ఉంటామా? నేనేమీ మాటివ్వలేదు. ఆలోచిస్తానన్నాను, అంతే."

ఇల్లు అక్కచెల్లెళ్ళిద్దరి పేరనా ఉంది. అక్క జన్మలో ఒక్క పుస్తకం తెరిచి ఎరగదు. చీరకొంగుతో చేతులు తుడుచుకుని చెల్లెల్ని అడిగింది.

"ఆ పుస్తకంలో చివరికి ఏమైందే?"

"అందరూ వెళ్ళిపోయారక్కా."

"మనలా వీధి నడిమింట్లో ఉన్నవాళ్ళు?"

"వాళ్ళే ముందు వెళ్ళింది."

అక్క మొగుడి వైపు తిరిగింది. "నేను సంతకం పెట్టను" అంది. "నువ్వు తాళం చేసుకుంటే చేసుకో. నన్ను లోపల పెట్టి వేసుకో."

అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు. పొద్దు గూకాక వచ్చి అన్నం తిన్నాడు.

బూడిదరంగు చొక్కా ఆయన లైబ్రరీకి మళ్ళీ వచ్చాడు. ఎప్పటిలాగే కాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి, "కొత్తవేమైనా వచ్చాయాండీ? నదికి అవతలి పేట గురించి?" అన్నాడు.

నది అవతల గురించి రెండున్నాయి, మంచివి. అడిగినవాళ్ళకి లేదనడం ఆవిడకి చేతకాని పని. అయినా, "అవి బయటికెళ్ళాయండి" అంది. నిజమే. ముందురోజే ఆ రెండూ సంచిలో వేసుకుని నది దాటి, అక్కడ ఒక బట్టలుతికే ఆవిడకీ, ఒక మందుల షాపతనికీ ఇచ్చి వచ్చింది. పంతులమ్మ పుస్తకం కూడా అక్కడే ఉంది.

"ఎవరు తీసుకెళ్ళారో?" అన్నాడాయన.

"చదివేవాళ్ళు."

"పర్వాలేదులెండి. వాళ్ళు చదివినా నాకు పర్వాలేదు" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో. అది బెదిరింపు కాదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆవిడ వీధిలో జనానికి చదివి వినిపించాక కూడా ఏమైందో ఇద్దరికీ తెలుసు.

ఎండలు ముదిరేసరికి వీధిలో మూడు కాపురాలు మిగిలాయి. అక్కచెల్లెళ్ళ సంతకాలు లేక నడిమిల్లు అలాగే ఉండిపోయింది. దాన్ని వదిలేసి చుట్టూ ఇళ్ళు కూల్చే పని మొదలుపెడతారని ఎవరో అన్నారు. ఒక ఉదయం బావ పెద్ద ఇనపకడ్డీ ఒకటి తెచ్చాడు. అది అడ్డగడియగా పట్టేలా తలుపు లోపలివైపు కొక్కేలు బిగించడానికి కూర్చున్నాడు. అక్క వెళ్ళి తలుపు కదలకుండా పట్టుకుంది. పుస్తకాలమ్మ మేకులు అందించింది.

వీధి చివర ఏదో పెద్దగా కూలింది. కిటికీ రెక్కలు గలగలలాడాయి.

"ఇంకో మేకియ్యి" అన్నాడు బావ.