ఐదు సంచుల రొట్టెలు, కొసరు

"మా అమ్మ అమ్మినన్నాళ్లూ తీసుకున్నారు, నేను అమ్మినన్నాళ్లూ తీసుకున్నారు. కొసరు వద్దని ఒక్క రోజైనా అన్నారా ప్రొఫె? అది తప్పని ఇవాళ తెలిసిందా మీకు?"

"అది వేరు సెవెరీనా. ఇది పరీక్ష."

"ఏం వేరు? అక్కడమ్మింది రొట్టెలు కావా? రాళ్లా?"

బడి గేటుకు ఎదురుగానే నా జెరాక్స్ కొట్టు. మాటలు సరిగ్గా వినపడాలని మెషీన్ ఆపేశాను. అరుస్తున్నది రొట్టెలమ్మే సెవెరీనా. వీపున కట్టిన మూట దించకుండానే గొడవకు దిగింది. గొంతు పెంచకుండా జవాబు చెబుతున్నది దెల్మీరా ఒరెయానా, ఆరో తరగతి లెక్కల టీచరు. మా ఊళ్లో టీచర్లందర్నీ ప్రొఫె అనే పిలుస్తాం గానీ, పేరు చెప్పకుండా ఉత్తగా 'ప్రొఫె' అంటే ఆమే. నాకు చెప్పింది, మా అన్నకు చెప్పింది, పెళ్లై పిల్లలున్నవాళ్లకూ చెప్పింది. సెవెరీనాకు చెప్పలేదు. సెవెరీనా మూడో తరగతితోనే బడి మానేసింది.

కొచబాంబా పట్నంలో హాస్టలున్న బడి ఒకటుంది. పరీక్ష పెట్టి ఒక్కో ఊరి నుంచి ఇద్దరు పిల్లల్ని తీసుకుంటారు. చదువూ తిండీ వాళ్లదే. సెవెరీనా కూతురు నెల్వా మూడోదిగా వచ్చింది. ఒక్క ప్రశ్నతో పోయింది. ఆ ప్రశ్న ఇది: రోసా ఐదు సంచుల రొట్టెలు కొన్నది. ఒక్కో సంచిలో ఎనిమిది. దారిలో చెల్లెలికి ఆరు ఇచ్చింది. ఇంటికి ఎన్ని చేరాయి? ముందు అంకెల్లో రాసి, తర్వాత జవాబు కట్టాలి.

నెల్వా ఇలా రాసింది: 5 × (8 + 1) – 6. జవాబు 39.

ఆ ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చిందని మా ఊళ్లో ఎవరూ అడగరు. సంచి కొంటే చివర్న ఒక రొట్టె పైన వేస్తారు. అది కొసరు, మేం యాపా అంటాం. వెయ్యకపోతే కొన్నవాడు మళ్లీ ఆ వైపు రాడు. పుట్టిందగ్గర్నుంచీ వాళ్లమ్మ పక్కన కూర్చుని కొసరు వేసిన పిల్ల అది లేకుండా లెక్క ఎలా రాస్తుంది?

మా పేపర్లు మా ప్రొఫెలే దిద్దుతారు. పక్కన జవాబుల కాగితం ఉంటుంది. అందులో 5 × 8 – 6, జవాబు 34 అని ఉంది. దెల్మీరా ఎర్ర కలంతో కొట్టేసింది.

"రేపట్నుంచి నా దగ్గరికి రావద్దు కసేరా. మీకు అమ్మను" అంది సెవెరీనా. అనేసి మూట సర్దుకుని వెళ్లిపోయింది. బజార్లో అమ్మేవాళ్లూ ఏళ్ల తరబడి కొనేవాళ్లూ ఒకర్నొకరు కసేరా అని పిలుచుకుంటారు. కోపంలో కూడా ఆ మాట ఆమె నోట్లోంచి పోలేదు.

నాకు దాపరికం చేతకాదు. "మార్కు వేసేస్తే పోయేదిగా ప్రొఫె, ఎవరు చూసేవాళ్లు?" అన్నాను.

"రెండోదిగా వచ్చిన పిల్ల చూసేది. అది సరిగ్గా రాసింది."

ఆ రెండోది మందుల షాపాయన కూతురు. మాత్రలకు కొసరు వెయ్యరు.

దెల్మీరా పాఠం చెప్పే తీరు నాకింకా గుర్తుంది. ప్రశ్న చదవగానే పుస్తకం మూయించేది. కథ మళ్లీ మా నోటితో చెప్పమనేది. చెబుతుంటే చేతులు ఆడించాలి. ఏదైనా వచ్చి చేరితే రెండు చేతులూ దగ్గరికి. పోతే ఒక చెయ్యి వెనక్కి. ఒకేలాంటి కుప్పలైతే బల్ల మీద వరసగా తట్టడం. "జరిగింది ఏదీ వదలొద్దు, ప్రతి పనికీ ఒక గుర్తు ఉంటుంది" అని రోజూ చెప్పేది. అంకెలు ఆ తర్వాతే. ఇంజనీరింగ్ మూడో సెమిస్టర్లో వదిలేసి ఇంటికొచ్చినవాణ్ణి నేను. అక్కడ ఏ పెద్ద మనిషీ నాకు ఇంత శుభ్రంగా చెప్పలేదు.

ఆరో తరగతిలో నేనూ కొసరు కలిపే రాశాను. "ఇవెర్, పుస్తకంలో ఉన్న ఊళ్లో కొసరు ఇవ్వరు" అంది నాతో. "మరి అక్కడ ఎవడు కొంటాడు ప్రొఫె?" అన్నాను. సుద్దముక్క కింద పడేసి మరీ నవ్వింది. నవ్వి, నా లెక్క కొట్టేసింది. ఏటా ఎవడో ఒకడు అలాగే రాస్తాడు, ఏటా ఆమె కొట్టేస్తుంది. ఇన్నాళ్లూ దానివల్ల ఎవరికీ ఏమీ పోలేదు.

గొడవ జరిగిన మర్నాడు, పైవాళ్లనే అడుగుతానంది దెల్మీరా. కొట్టు మూసి ఆమెను మోటార్ సైకిల్ మీద జిల్లా ఆఫీసుకు తీసుకెళ్లాను. నెల్వా పేపరు జెరాక్స్ నా మెషీన్ మీద తీసిందే. పరీక్షలు చూసే అధికారి నా వయసువాడు. మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"బ్రాకెట్ చూడండి సార్" అంది దెల్మీరా. "నా క్లాసులో బ్రాకెట్ వాడింది ఈ పిల్ల ఒక్కతే. ఒక్కో సంచికీ ఒకటి వేసి, తర్వాత ఐదుతో గుణించింది. ఆలోచన ఎంత సరిగ్గా ఉందో చూడండి."

"చూశాను ప్రొఫెసోరా. బాగుంది. కానీ ఆ ఒకటి ప్రశ్నలో ఉందా?"

మా ఊళ్లో సంచికొక రొట్టె కొసరు వేస్తారని చెప్పింది దెల్మీరా.

"మీ రొట్టెలావిడ ఒకటి వేస్తుంది. మా వీధిలో ఆవిడ రెండు వేస్తుంది. అందరికీ మార్కులు వెయ్యమంటారా?"

వాడి మీద అరవాలనిపించింది. అరవడానికి వాడు తప్పేం అనలేదు. దెల్మీరా ఆ జెరాక్స్ మడిచి సంచిలో పెట్టుకుంది. 

తిరిగొచ్చేసరికి నెల్వా నా కొట్టు మెట్ల మీద కూర్చుని ఉంది. లేచి నిలబడింది.

"బ్రాకెట్ తప్పా ప్రొఫె?"

"లేదమ్మా. సరిగ్గా పెట్టావు."

"గుణకారమా?"

"అదీ సరిగ్గానే ఉంది."

"మరి తప్పెక్కడ?"

దెల్మీరా చేతులు పైకి లేచాయి, క్లాసులో లేచినట్టే.  ఏ గుర్తూ రాలేదు. చేతులు దించి పిల్ల జడ సర్దింది. నెల్వా "సరే ప్రొఫె, అమ్మ ఎదురుచూస్తుంది" అని వెళ్లింది. ఈ ఏడాది నుంచి అది కూడా బజార్లోనే కూర్చుంటుందని సెవెరీనా అప్పటికే ఊరంతా చెప్పేసింది.

మూడో రోజు పొద్దున నేను తలుపు తీసేసరికి దెల్మీరా గుమ్మంలో ఉంది. జెరాక్స్ కోసం రోజూ తెచ్చే వర్క్ షీట్లు చేతిలో లేవు. ఖాళీ గుడ్డసంచి ఉంది. బజారు దాకా వెళ్లి వచ్చినట్టుంది, చెప్పుల నిండా దుమ్ము.

"అమ్మలేదా?" అన్నాను.

"అడగలేదు. దూరం నుంచే తిరిగొచ్చేశాను. పిల్ల పక్కనే కూర్చుని ఉంది, రొట్టెలు లెక్కపెడుతూ."

సంచి నా కౌంటరు మీద పెట్టింది.

"ఇవెర్, నాకు రొట్టెలు నువ్వు తెచ్చిపెట్టు. రోజూ పది. వేరే ఎక్కడా వద్దు, వాళ్ల దగ్గరే. నాకోసమని మాత్రం చెప్పకు."

"కొసరు వేస్తే?"

"వాళ్ల దగ్గర కొనడం నీకు కొత్త, వెయ్యకపోవచ్చు" అంది. వీధిలోకి దిగి, మళ్లీ వెనక్కి తిరిగింది. "పిల్ల గనక వేస్తే వద్దనకు. తీసుకో. తెచ్చి నాకివ్వు."