లోపాల గడిలో నా పేరు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, అక్టోబరులో, పర్చూరు ప్రాంతంలో మండల వ్యవసాయాధికారిగా చేరాను. పొలం చూసినప్పుడల్లా మేము నింపే తనిఖీ పత్రంలో ‘గమనించిన లోపాలు’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని నా అంత నిండుగా నింపేవాడు ఆ చుట్టుపక్కల లేడు. రైతు తప్పు, కూలీ తప్పు, మా సిబ్బంది తప్పు, దేన్నీ వదిలేవాణ్ణి కాదు. వెనక నన్ను ‘తప్పుల సారు’ అనేవాళ్లట. అదేదో బిరుదన్నట్టు మురిసిపోయాను కూడా.

డిసెంబరులో పూత మీదున్న మిరప ముడుచుకోసాగింది. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని మా లెక్క. నేను నాలుగు ఆకులు చూసి నల్లి అని తేల్చేసి, ఊరంతటికీ ఒకటే మందు రాశాను. రెండెకరాలు కౌలుకు చేస్తున్న మరియమ్మ అడ్డం వచ్చింది.

“ఆకులో కాదండి సారూ, పువ్వులో ఉంది. ఒక్క పువ్వు దులిపి చూడండి.”

“వ్యవసాయం నువ్వు నాకు చెబుతావా?” అని పదిమందిలో కసిరాను. ఆవిడ తలదించుకుని వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా పూత జలజలా రాలింది. మందు కొట్టిన చేలల్లోనే ఎక్కువ. రైతుల వాట్సాప్ గ్రూపు నిండా ఒకరి మీద ఒకరికి తిట్లే. రెండో విడత మందు మర్నాడు పొద్దున్నే కొట్టాలి. ఉన్న కాస్త పూతా పోతే మరియమ్మకి ఆ ఏడాదికి ఇంకేం మిగలదు. మనసొప్పక ఆవిడ చేనికి వెళ్లాను.  ఆవిడ నా చేతిలోని తనిఖీ పత్రం తీసుకుని, వెనకవైపు తెల్లకాగితం మీద ఒక పువ్వు దులిపింది. నల్లటి చుక్కలు పరుగెత్తాయి. నల్ల తామర పురుగు!

ఆ సాయంత్రమే చర్చి ముందు రైతుల్ని పిలిపించి మైకు పట్టుకున్నాను. నేను చెప్పింది తప్పని, మరియమ్మ చెబితే వినలేదని, రేపు ఎవరూ ఆ మందు కొట్టొద్దని చెప్పాను.

“ఒరేయ్, ఆఫీసరే తప్పు ఒప్పుకుంటున్నాడ్రా!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. నాలుగు ఫోన్లు పైకి లేచాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు ముందు వరసలోంచి వెంకట్రావు అనే పెద్ద రైతు లేచాడు. “మీరు రాసినదాంట్లో నేను ఇంకో మూడు మందులు కలిపానండి. తిడతారని చెప్పలేదు” అన్నాడు. అతని వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకో ఇద్దరు. పురుగును తినే మిత్రపురుగుల్ని ఆ మందులతో మేమే చంపుకున్నామని అప్పటికి గాని తెలియలేదు. ఘాటు మందులు ఆపించి, వేపనూనె కొట్టించి, పురుగులు అంటుకుపోయేలా నీలిరంగు జిగురు అట్టలు కట్టించాం. ఎప్పుడు దులపాలో, ఎన్ని చుక్కలుంటే భయపడాలో మరియమ్మ చేను చేనుకీ తిరిగి నేర్పింది. నన్ను ఎగతాళి చేయడానికి వీడియో పంపినవాళ్లవల్లే పక్క ఊళ్లవాళ్లు కూడా పువ్వులు దులిపి చూశారు.

రెండో పూత నిలిచింది! మార్చిలో మరియమ్మ కల్లం ఎర్రగా నిండిపోయింది.

“ఇప్పుడు రాయండి సారూ మీ గడి!” అని నవ్వింది.

రాశాను. ‘అధికారి పువ్వు చూడలేదు, రైతు మాట వినలేదు.’ మెచ్చుకోవడానికి ఆ పత్రంలో గడి లేదు. స్కేలు పెట్టి నేనే ఒకటి గీసి, అందులో మరియమ్మ పేరు రాసి, కింద సంతకం చేసి పైకి పంపాను.

తిట్టే అధికారికి రైతు చేను చూపిస్తాడు గానీ, మందు ట్యాంకులో ఏం కలిపాడో చెప్పడు. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు తెలియనిది అదే.