హాట్ టబ్‌లో రొయ్యల చెరువు కిట్టు

మాది బంటుమిల్లి దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్లుగా మా రొయ్యల చెరువు నేనే చూసుకుంటున్నాను. అమ్మాయి పెళ్లయ్యాక వియ్యాలవారు మమ్మల్ని బందరు బీచ్ దగ్గర రిసార్టుకి పిలిచారు. చెరువు దగ్గర్నుంచి నేరుగా స్కూటర్ మీద వెళ్లాను.

అక్కడ హాట్ టబ్ అనే వేడినీళ్ల తొట్టిలోకి పిల్లలు దిగబోతున్నారు. నీళ్లు మసగ్గా ఉన్నాయి, వాసనకి ముక్కు మండిపోతోంది.

"క్లోరిన్ ఇందాకే దండిగా వేశామండీ" అన్నాడు మేనేజరు.

ఉండబట్టలేక స్కూటర్ డిక్కీలోంచి చెరువు నీళ్లు పరీక్ష చేసే కిట్టు తెచ్చాను.

"అమ్మా, అత్తయ్యగారు చూస్తున్నారు. పరువు తీయకు" అంటూ అమ్మాయి చెయ్యి లాగింది. సిగ్గుతో చెవులు వేడెక్కినా, గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేశాను. పీహెచ్, అంటే నీళ్లలో క్షారగుణం, బాగా ఎక్కువుంది.

"ఇది దించకుండా క్లోరిన్ ఎంత పోసినా సరిగ్గా పనిచెయ్యదు. ఈ నీళ్లలో నేను రొయ్యపిల్లని కూడా వదలను" అన్నాను.

మేనేజరు వెంటనే టబ్ మూయించాడు. నేను చెప్పినట్టే కొలిచి మందులు కలిపించాడు. మర్నాటికి నీళ్లు అద్దంలా తేటపడ్డాయి.

"వదినగారూ, మీరు చూసి సరేనంటేనే దిగుతాం" అంది వియ్యపురాలు. పదో తరగతితో ఆగిపోయిన నాకు అంతకన్నా ఏం కావాలి?

వారం తర్వాత చూస్తే డిక్కీలో కిట్టు లేదు. హనీమూన్‌కి వెళ్లిన అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను.

"నేనే తెచ్చానమ్మా. ఇక్కడా హాట్ టబ్ ఉంది" అంది.