నిప్పు బొమ్మ ఉన్న ఫ్రీజర్

డోన్‌లో స్టేషన్‌కు పోయే రోడ్డు మీద మాకు చిన్న పాల దుకాణం ఉంది. పాలు, పెరుగు, ఐస్‌క్రీములు, ఎండాకాలమైతే మజ్జిగ ప్యాకెట్లు అమ్ముతాం. మా ఆయన సరుకు తెస్తాడు, నేను అమ్ముతాను. మా అత్త వాకిట్లో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ల క్షేమసమాచారాలు కనుక్కుంటూ ఉంటుంది.

మా పాత ఫ్రీజర్‌కు ఎండలు ముదిరే సమయానికి గ్యాసు కారిపోయేది. రిపేరు చేసే భాయ్ వచ్చి మళ్లీ నింపేవాడు. పోయిన గ్యాసు ఎక్కడికి పోయిందని నేను ఏనాడూ అడగలేదు. నీళ్లు కారితే తడి కనిపిస్తుంది, పాలు కారితే చీమలు వస్తాయి. ఆ గ్యాసుకు రంగూ లేదు, వాసనా లేదు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఆ ఫ్రీజర్ పూర్తిగా ఆగిపోయింది. మూత తీస్తే ఐస్‌క్రీములన్నీ కప్పుల్లో మెత్తబడి ఉన్నాయి. నేను భాయ్‌కు ఫోన్ చేయబోయాను. మా అత్త మాత్రం కుర్చీలోంచి లేచి, "నీళ్లయి కాలవలో పోయేదానికంటే నోట్లోకి పోనీలే" అని ఆటోవాళ్లను, రైలు దిగి వస్తున్నవాళ్లను పిలిచి పంచడం మొదలుపెట్టింది. రోడ్డంతా ఒకటే సందడి. ఏం పండగ అని ఎవరో అడిగారు కూడా.

సాయంత్రం భాయ్ వచ్చి వెనక రేకు విప్పి చూసి పెదవి విరిచాడు.

"ఇంక దీని మింద ఆశ పెట్టుకోవద్దక్కా. కొత్తది తీసుకోండి. ఈ పాత గ్యాసు గాల్లో కలిస్తే భూమి వేడెక్కుతాదంట. ఇప్పుడు వేరే గ్యాసుతో వస్తాండాయి."

"అదేం గ్యాసు?"

"మీ పొయ్యి కింద సిలిండర్ ఉండాది చూడు, అందులో ఉండేదానికి తమ్ముడనుకో."

పరాచికం ఆడుతున్నాడనుకున్నాను. కానీ కొత్తది కొనడానికి కర్నూలు పోతే, అక్కడి షాపు అబ్బాయి కూడా అదే మాట చెప్పాడు. అది ప్రకృతిలో దొరికే గ్యాసేనట. ఆకాశానికి హాని చేయదట, కరెంటు కూడా తక్కువ తాగుతుందట. నేను ఆ కొత్త ఫ్రీజర్ వెనక్కి పోయి చూశాను. పసుపుపచ్చ ముక్కోణంలో నిప్పు బొమ్మ ఉంది.

"అంత మంచిదైతే ఈ మంట ఎందుకు గీసినారు?"

"అది అంటుకునే గ్యాసు మేడం. అయినా భయం లేదు."

ఈ రెండు మాటలు ఒకే నోట ఎట్లా వచ్చాయో నాకు అర్థం కాలేదు. మా ఆయన ముఖం చూశాను. ఆయన నా ముఖం చూశాడు. సరుకు లేక మా దుకాణం బోసిపోయి ఉంది. ఆ ధ్యాసలోనే తీసుకున్నాం.

బండిలోంచి దించేటప్పుడే మా అత్త కళ్లు ఆ బొమ్మ మీద పడ్డాయి. "దుకాణంలోకి బాంబు తెచ్చినారేందిరా!" అని నేరుగా పోయి మా చర్చి పాస్టరు గారిని పిలుచుకొచ్చింది. ఆయన పెద్దమనిషి. కొత్త ఇల్లు కట్టినా, కొత్త బోరు వేసినా వచ్చి ప్రార్థన చేస్తాడు. ఫ్రీజర్ చుట్టూ ఒకసారి తిరిగి, కళ్లద్దాలు సవరించుకుని నన్ను అడిగాడు.

"ఏమని ప్రార్థన చేయాలమ్మా? చల్లగా ఉండాలనా, మండకుండా ఉండాలనా?"

"రెండూ చేయండయ్యా" అన్నాను.

చేశాడు. మా అత్త గట్టిగా ఆమెన్ అంది గానీ, కుర్చీని మాత్రం వాకిట్లోంచి తీసి రోడ్డు అవతల వేపచెట్టు కింద వేసుకుంది.

ఇట్లా కాదని కడపలో ఉన్న మా నాయనకు ఫోన్ చేసి రమ్మన్నాను. ఆయన వయసులో ఉన్నన్నాళ్లూ ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడ నీళ్లను గడ్డకట్టించేది అమోనియా. నేను బడికి పోయే రోజుల్లో ఒకసారి అక్కడ పైపు పగిలింది. ఫ్యాక్టరీ పక్కనే మా ఇల్లు. కళ్లల్లో కారం కొట్టినట్టు ఘాటు. మా అమ్మ మా ముఖాలకు తడి గుడ్డలు కట్టి గాలికి ఎదురుగా పరిగెత్తించింది. అందరూ బయటికి వస్తుంటే మా నాయన మాత్రం లోపలికి పోయి వాల్వు కట్టేసి వచ్చాడట. ఆ రోజు బొంగురుపోయిన ఆయన గొంతు మళ్లీ బాగుపడలేదు. ఆయన మామూలు గొంతు ఎట్లా ఉండేదో నాకు గుర్తులేదు.

మా నాయన వచ్చి ఫ్రీజర్ మీద చెయ్యి వేసి, తల వంచి కాసేపు దాని చప్పుడు విన్నాడు.

"చెప్పు నాయనా, ఇది మంచిదా చెడ్డదా?"

"మంచిదేనంట పాపా. మా అమోనియా కూడా మంచిదేనంట. పెద్ద పెద్ద కోల్డ్ స్టోరేజీల్లో దాన్నే వాడతాండారు. ఆకాశానికి ఏం కాదంట." ఆ బొంగురు గొంతులో సంతోషం వినబడింది.

"నిన్ను చంపబోయింది గదా!"

"చంపబోయింది. అయినా చెప్పి వచ్చింది పాపా. ముందు వాసన వచ్చె, దాని వెనకాల అది వచ్చె. మేం దాన్ని సరిగ్గా చూసుకోలా, అంతే."

మా నాయన గొంతు తీసుకుపోయింది మంచిదట. ఇన్నేళ్లూ మా మధ్య ఉండి మమ్మల్ని ఏమీ అననిది చెడ్డదట. మంచీ చెడూ మనిషిని చూసి చెప్పాలా, ఆకాశాన్ని చూసి చెప్పాలా? మా నాయనను అడిగితే ఆయన నవ్వి, మజ్జిగ ఇవ్వమన్నాడు.

ఆయన ఉండగానే ఒక పొద్దున, దుకాణంలో జనం ఉన్న వేళ, గ్యాసు వాసన గుప్పుమంది. మా అత్త రోడ్డు అవతల నుంచే "వచ్చేయండి, వచ్చేయండి!" అని కేకలు పెట్టింది. పాలకు వచ్చినవాళ్లు గిన్నెలు వదిలేసి బయటపడ్డారు. మా ఆయన మెయిన్ స్విచ్ వైపు ఉరికాడు.

"స్విచ్ ముట్టద్దు! నిప్పు రవ్వ లేస్తాది!" అని అరిచాడు మా నాయన.

మా ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మేమిద్దరమూ బయటికి వచ్చి తిరిగి చూస్తే, మా నాయన వాకిట్లోనే ఆగి భుజం మీది టవలు నీళ్లలో ముంచి ముక్కుకు కట్టుకుంటున్నాడు. మళ్లీ లోపలికి పోబోతున్నాడు. ఆ రోజు ఫ్యాక్టరీలో ఆయన ముఖం ఎట్లా ఉండి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. భయం లేక కాదు, భయంతోనే పోతున్నాడు. పరిగెత్తి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"నువ్వు పోవద్దు నాయనా. దుకాణం పోతే పోనీ, ఈసారి నువ్వు పోవద్దు."

అంతలో పక్కనున్న టీ బంకు ఆమె బయటికి వచ్చి, "అయ్యో, మాదమ్మా! సిలిండర్ పైపు ఊడింది. కట్టేసినా, కట్టేసినా" అంది.

జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా నాయన చెయ్యి వదలాలని కూడా తోచలేదు.

ఫోన్ చేస్తే భాయ్ వచ్చి ఫ్రీజర్ అంతా చూసి, దీంట్లో ఏ లోపమూ లేదన్నాడు. "అయినా దీంట్లో గ్యాసు వాసన కొట్టదక్కా. సిలిండర్ గ్యాసుకైతే మనకు తెలియాలని వాసన కలుపుతారు. దీంట్లో కలపరు."

"అంటే కారినా తెలియదా?"

"లోపల ఉండేదే శానా కొంచెం. గాలి ఆడుతుంటే చెదిరిపోతాది. దాన్ని గోడకు ఆనించొద్దు, దగ్గర దీపం పెట్టొద్దు, తెలియనోళ్ల చేత రిపేరు చేయించొద్దు. అంతే."

మా అత్త అంతా విని, "వాసన వచ్చిందని భయపడితిమి. ఇప్పుడు వాసన రాలేదని భయపడాల్నా?" అంది. భాయ్ తన సామాను సంచిలో సర్దుకున్నాడు. ఆమె, చెట్టు కింద కూర్చుంటే చీమలు కుడుతున్నాయని కుర్చీని మళ్లీ వాకిట్లోకి తెచ్చుకుంది.

ఫ్రీజర్ బాగా పనిచేస్తోంది. ఎండలు మండిపోయినా ఐస్‌క్రీములు రాయిలాగా ఉన్నాయి. కరెంటు బిల్లు కూడా నిజంగానే తగ్గింది. దాన్ని గోడకు దూరంగా జరిపి, వెనక కిటికీ తెరిచి పెట్టాం. దుమ్ము వస్తుందని మా ఆయన గొణుగుతాడు. మా నాయన కడపకు పోయాక, అల్లుని దుకాణంలో కొత్త రకం మిషను పెట్టినారని అందరికీ చెబుతున్నాడట.

మొన్న నందికొట్కూరు నుంచి ఒక మిఠాయి దుకాణం శెట్టిగారు వచ్చారు. ఆయనా ఫ్రీజర్ మార్చాలనుకుంటున్నారు. కంపెనీవాళ్ల మాట మీద నమ్మకం లేక, వాడుతున్నవాళ్లను అడుగుదామని వచ్చారట.

"ఇది తీసుకోవచ్చామ్మా?"

"తీసుకోవచ్చు సార్. చల్లగా ఉంటాది."

"ప్రమాదం లేదు కదా?"

"ఉండాది. కానీ లేదు" అన్నాను. షాపు అబ్బాయి లాగానే మాట్లాడుతున్నానని నాకే తెలిసింది. సర్దుకుని మళ్లీ చెప్పబోయాను. "అంటే, అంటుకుంటాది సార్, అయితే కొంచెమే ఉంటాది. పాతది అంటుకోదు, కానీ అది ఇంకా చెడ్డదంట. మాకు కాదు, ఆకాశానికి. ఆకాశానికి అంటే మళ్లీ మనకే కదా..."

శెట్టిగారు నన్నూ ఫ్రీజర్‌నూ మార్చి మార్చి చూశారు. తరవాత ఒక కుల్ఫీ ఇమ్మని, వాకిట్లో మా అత్త పక్కన నిలబడి తింటూ, ఆమెను మళ్లీ మొదటి నుంచి అడగడం మొదలుపెట్టారు.