సున్నం కొట్టించిన హద్దు రాళ్లు

మా ముత్తాత కేశవరావు దేశ్‌ముఖ్ కచేరీకి బయల్దేరితే ముందు ఇద్దరు గుర్రపు రౌతులు నడిచేవారు. మా తాత నరహరిరావు పదకొండు ఊళ్లకు పెద్ద. నిజాం సర్కారు తాలూక్‌దారు తనిఖీ దౌరాకు వస్తున్నాడని తెలిస్తే రెండు రోజుల ముందే పొలం గట్లు చెక్కించి, హద్దు రాళ్లకు సున్నం కొట్టించేవాడు. మా నాన్న కాలం వరకూ ఆ పద్ధతి తప్పలేదు. మా తరానికి మిగిలింది ఫిల్మ్‌నగర్ గుట్ట మీంచి షేక్‌పేటకు దిగే వాలులో నాలుగెకరాల జొన్న చేను.

ఎనభైల చివర నా తమ్ముళ్లిద్దరూ పంపకం అడిగారు. ప్లాట్లు వేసి అమ్మే కంపెనీ ఒకటి అప్పటికే వాళ్ల ఇళ్ల చుట్టూ తిరుగుతోంది. అదే సమయంలో అక్కడి పాలక సంఘం, గుట్ట మీది వాన నీరు చెరువుకు చేరే దారిలో ఇళ్లు లేవకుండా, ఒక్క పొలాన్ని కొని ఎప్పటికీ పొలంగానే ఉంచాలని కొంత నిధి పక్కన పెట్టింది. మా చేను పేరు ఆ ఫైల్లోకి ఎక్కింది. "వాళ్లు కొంటే సరే అన్నా, లేకుంటే నెలాఖరుకు కంపెనీకి సంతకం పెట్టాలె" అన్నారు తమ్ముళ్లు. ధర తక్కువైనా, ఆ నేల మీద గోడ లేవకుండా ఉంటే చాలు నాకు. మంగళవారం అధికారులు చూడడానికి వస్తారని ఉత్తరం అందింది. నేను సోమవారమే బయల్దేరాను.

సంగారెడ్డిలో ఉదయం ఆరుంబావు బస్సు. కూర్చోవడానికి చోటు కావాలంటే అరగంట ముందే వెళ్లాలి. నా పక్కన కూర్చున్న ముసలాయన ఒళ్లో రేకు పెట్టె ఉంది. సినిమా కంపెనీలకు తలపాగాలు కుట్టి ఇస్తాడట. పటాన్‌చెరు దాటేదాకా నన్నే చూశాడు.

"జర నా తలపాగా పెట్టుకొని నిలబడుండ్రి సార్, జమీందారు వేషం మీకే ఇస్తరు. మాట్లాడే పని గూడ ఉండదు, మంచం మీద సచ్చిపోవుడే!"

నేను కిటికీ వైపు తిరిగాను.

ఎనిమిదింటికి ఎర్రగడ్డలో దిగాను. మోతీనగర్‌కు మళ్లే మూలన హోటల్లో ఇడ్లీ, చాయ్ మూడు రూపాయలు. చట్నీ పలచన. సిటీ బస్సులో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా వెళ్లి, అక్కడి నుంచి నడిచాను. ఎండ ముదరకముందైతే నడకే మేలు, ఆటోవాళ్లు నోటికొచ్చినంత అడుగుతారు. దారి పొడుగునా బండలు పగలగొడుతున్నారు. స్టూడియో వ్యాన్లు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి.

పదింటికి చేను చేరాను. నాన్న నాటి నుంచి చేను చూసే మల్లయ్య ఎదురొచ్చాడు. జొన్న కోత అయిపోయింది. గట్ల నిండా సీతాఫలం, తంగేడు, ముళ్ల పొదలు. ఒక్క హద్దు రాయి కనిపించడం లేదు. సర్కారు మనుషులు వచ్చే చేను అలా ఉండడం తలవంపుగా తోచింది. షేక్‌పేట నుంచి ఇరవై మంది కూలీలను పిలిపించాను.

"గువ్వలు గూళ్లు పెట్టినయి దొరా. గా పొదలను ఉండనియ్యుండ్రి" అన్నాడు మల్లయ్య.

"తాలూక్‌దారు వస్తే మా తాత ఇట్లనే ఉంచిండా?"

"తాలూక్‌దారు గువ్వలను జూడనీకి రాలే గద దొరా."

నేను వినలేదు. పొద్దు వాలేసరికి గట్లు గుండు గీసినట్టయ్యాయి. రాళ్లు తెల్లగా వరుసకట్టి నిలిచాయి. తాత చూస్తే మెచ్చుకునేవాడనుకున్నాను. ఎర్రగడ్డ లాడ్జిలో పడుకున్నాను. అక్కడ నల్లా పొద్దున ఆరింటికే బందవుతుంది, తెలుసుకొని దిగాలి.

మంగళవారం పదకొండింటికి జీపు వచ్చింది. కోస్తా నుంచి వచ్చిన అధికారి, సంఘంలో షేక్‌పేట సభ్యుడు, ఒక గుమస్తా దిగారు. అధికారి ఫైల్లోంచి ఇదివరకటి ఫోటో తీసి చేను వంక చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు.

"పొదలేమయ్యాయండీ?"

"మీరొస్తున్నరని సాఫ్ చేయించిన."

సభ్యుడు నవ్వాడు. "పొలమని రాసి ప్లాట్లు జూపిస్తున్నరేంది సార్? రోడ్డు గూడ గీసుంటే అయిపోవు."

"అవి మా ముత్తాత పాతించిన రాళ్లు."

"ఉండొచ్చండీ. సున్నం మాత్రం నిన్నటిది" అన్నాడు అధికారి. ఆ గొంతులో వెటకారం లేదు. "ప్లాట్లు వేసిన భూమికి ఈ నిధి ఎలా ఇచ్చారని రేపు మమ్మల్నే అడుగుతారు. వానలు పడి పొదలు లేచాక మళ్లీ చూడమని ఒక అర్జీ రాసివ్వండి. మూడింటికి సమావేశం ఉంది, అందులో పెడతాను."

అర్జీలు మా ఇంటికి రావడమే గాని, మా ఇంటి నుంచి ఎన్నడూ పోలేదు. జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాశాను. 'తమరి దయ' అనే చోట కలం ఆగింది. ఆ మాట కూడా రాశాను.

మూడు గంటల నుంచి గుట్ట మీది సంఘం కార్యాలయం వరండాలో బల్ల మీద కూర్చున్నాను. నాలుగుంబావుకు గుమస్తా బయటికి వచ్చాడు.

"మీ అర్జీ చదివిండ్రు సార్. నిధి వానల దాకా ఆగదంట. షేక్‌పేట దిక్కు వేరే చెలక భూమి తీసుకున్నరు."

"గాడ ఏమున్నది?"

"ఏం లేదు సార్. అంత ముళ్లకంప. మనిషి కాలు పెట్టరాదు."

మల్లయ్య బస్టాపు దాకా వచ్చాడు. ఐదున్నరకు ఎర్రగడ్డలో ఎక్కిన బస్సులో పటాన్‌చెరు దాకా నిలబడే ఉన్నాను. ఫిల్మ్‌నగర్ గుట్ట చూడబోయేవారు షేక్‌పేట వైపు నుంచి ఎక్కితే గాలి బాగుంటుంది. ఆ సాయంత్రం బస్టాపుకు గుట్ట దిగేటప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను. ఆ వాలు మీద మా రాళ్లొక్కటే మెరుస్తున్నాయి, వాటి మధ్య ఒక్క పిట్ట లేదు.

ఆ నెలాఖరున నాలుగెకరాలూ కంపెనీ పేర రిజిస్టరయ్యాయి. పద్నాలుగు హద్దు రాళ్లూ భూమితో పాటే పోయాయి.