దొరికినవారు నర్సీపట్నం చేర్చవలెను

దయ్యాలను నమ్మేవాళ్ళను ఏడిపించడం చిన్నప్పటి నుంచీ నా వృత్తి. ఆదాయం లేదు గాని తృప్తి ఉండేది. ఎవరైనా వచ్చి చింతచెట్టు మీద తెల్లచీర కనిపించిందంటే, ఎవరో ఆరేసి మరిచిపోయి ఉంటారు, అంచు బాగుంటే తెచ్చుకో అనేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కింద రాసినదాంట్లో దయ్యం లేదు కూడా. ఉంటే బాగుండేది. నేరమంతా దాని మీదికి తోసేసి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

నేను నర్సీపట్నంలో ఒక వకీలుగారి దగ్గర గుమాస్తాను. అక్కా బావల దగ్గరే ఉంటున్నాను. బావది గొలుగొండ. ఇక్కడి బోర్డు బడిలో జాగ్రఫీ చెబుతాడు. ఆయనకు రెండు వ్యసనాలు. ఒకటి గాలం. ఆదివారం వస్తే ఏదో ఒక చెరువుగట్టు మీద తేలతాడు. రెండోది, చేతికి దొరికిన కర్రముక్కనల్లా కొరకడం. కలం, పెన్సిలు, రూళ్ళకర్ర, ఏదైనా సరే. ఆయన పైపన్ను ఒకటి సగం విరిగింది. అందుచేత ఆయన కొరికిన చోట గాట్ల మధ్య సన్నటి గట్టు మిగిలిపోతుంది. బడిలో కలం ఎవరిదని తగువొస్తే ఆ గట్టు చూసి తేల్చేస్తారు.

నిరుటి ముందు దీపావళి దాటాక బావ చిన్ననాటి నేస్తం అప్పలస్వామి సెలవు మీద వచ్చాడు. అండమాన్ దీవుల్లో కలప లెక్కలు రాసే ఉద్యోగం అతనిది. అక్కడ మనిషి పొడుగు చేపలుంటాయట. వేసవి సెలవులకు రమ్మన్నాడు. పడవ తనదీ, ఎర తనదీ అన్నాడు. అతను వెళ్ళిపోయాడు. మా బావ మాత్రం ఇక్కడ కూర్చునే సగం వెళ్ళిపోయాడు.

మన వైపు నుంచి అండమాన్ వెళ్ళినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళంతా బేడీలతో, సర్కారు ఖర్చు మీద వెళ్ళారు. చేపల కోసం సొంత ఖర్చుతో బయల్దేరినవాడు మా బావే. అనుమతికి అర్జీ పెట్టాలని తెలిసి మా వకీలుగారు విస్తుపోయారు. "అర్జీ ఎందుకయ్యా? ఎవణ్ణయినా పొడిస్తే వాళ్ళే టిక్కెట్టు కొనిస్తారు కదా" అన్నారు.

అక్కకు నెల తప్పిందని అప్పుడే తెలిసింది. పురుటికి ముందే తిరిగి వచ్చేస్తానని బావ మాటిచ్చాడు. ఆమె ఏమీ అనలేదు. మా అక్క ఏమీ అనలేదంటే అది మంచి సంగతి కాదు.

మొదటి సూచన కందిపప్పు. బావ బడి నుంచి పటం తెచ్చి నేల మీద పరిచి, మద్రాసు నుంచి ఓడ పోయే దారి వేలితో గీసి చూపించాడు. మర్నాడు పొయ్యి మీద పెట్టిన పప్పు మధ్యాహ్నానికి కూడా ఉడకలేదు. అక్క కొట్టువాణ్ణి తిట్టి పప్పు మార్చింది. అదీ గవ్వల్లాగే ఉండిపోయింది. పక్కింటి నూతి నీళ్ళతో పెడితే అదే పప్పు వెన్నలా ఉడికింది. ఆ నూతికీ మా నూతికీ మధ్య ఉన్నది ఒక్క గోడ.

మా నూతి నీళ్ళు నోట్లో పోసుకుని చూశాను. ఉప్పన. బండి కట్టుకుని పొద్దంతా పోతే గాని సముద్రం కనిపించని ఊరు మాది.

టిక్కెట్టు ఖర్చు కలిసొచ్చింది బావా, గాలం నూతిలోనే వేసుకో అన్నాను. బావ నవ్వి, భూమి పొరల గురించి ఒక పాఠం చెప్పాడు.

చలికాలంలో బావకు మన్యం జ్వరం తగిలింది. పటం చుట్టి అటక మీద పెట్టేశాడు. ఇక ఈ ఏడు ప్రయాణం లేదన్నాడు. నూతి నీళ్ళు మళ్ళీ తియ్యగా అయ్యాయి. జ్వరం తగ్గి పటం దింపాడు. మర్నాటికి తులసి ఆకుల అంచులు మాడిపోయాయి, బట్టల సబ్బు నురగ రావడం మానేసింది. కాకతాళీయం అన్నాను. ఆ మాట వకీలుగారి దగ్గర నేర్చుకున్నాను, చాలా పనికొస్తుంది.

తరవాత జరిగిన దానికి ఆ మాట సరిపోలేదు. ఒక మధ్యాహ్నం అక్క నీళ్ళు తోడి, పుక్కిలించి, వెంటనే ఉమ్మేసింది. గొంతు పట్టుకుని గట్టు మీద కూర్చుంది. బావ అప్పుడే వీధిలోంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు.

"అనుమతొచ్చీసిందా?" అంది.

బావ మొహం పాలిపోయింది. తపాలా ఆఫీసులో అందుకున్న కాగితం అప్పటికింకా ఆయన జేబులోనే ఉంది.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"నుయ్యి సెప్పింది. మానీండి. మీ కాళ్ళట్టుకుంటాను, మానీండి."

ఆయన మానలేదు. పరమ మంచివాడే గాని, జాగ్రఫీ మాస్టరు నుయ్యి మాట విని మానుకున్నాడంటే బడిలో తలెత్తుకోలేడు. ఆ రోజు నుంచి మేము పక్కింటి నీళ్ళే తాగాం. సాయంత్రాలు నూతి వైపు వెళ్ళాలంటే నాకు ఏదో వేరే పని తగిలేది. లోపల నీరు కదులుతున్న చప్పుడు వినిపించేది. గాలి లేని రోజున కూడా.

ఏర్పాట్లు సాగిపోయాయి. నర్సీపట్నం రోడ్డు స్టేషను దాకా బండి మాట్లాడుకున్నాడు. ఆ స్టేషనుకు పేరు మాత్రమే మనది, ఊరు మనది కాదు. గాలం తాడు చుట్టుకోవడానికి వడ్రంగి చేత గుమ్మడిటేకుతో జానెడు చెక్క చేయించాడు. మెత్తటి కర్ర. ఆయన దాన్ని రెండు రోజుల్లో తినేస్తాడని అక్క దానికి వేపనూనె పట్టించింది. నా వంతుగా నేను మేకుతో దాని మీద కోర్టు భాషలో ఒక ముక్క చెక్కాను: "దొరికినవారు నర్సీపట్నం చేర్చవలెను." పట్నంలో 'ప' దగ్గర మేకు జారి కిందికి ఒక తోక పడింది. అందరం నవ్వుకున్నాం. అక్క కూడా కొంచెం నవ్వింది. చెక్క పెట్టెలోకి వెళ్ళిపోయింది.

రేపు ప్రయాణమనగా పొద్దున్న, బట్టలు తడపడానికి నీళ్ళు తోడుతున్నాను. చేద బరువుగా వచ్చింది. నీళ్ళలో చెక్క ఉంది.

మొదట నవ్వొచ్చింది. బావ అప్పుడే నూతిలో గాలం వేసి చెక్క పోగొట్టుకున్నాడనుకున్నాను. ఆ హాస్యం పెద్దగా ఆడదామని చెక్క పైకి తీశాను. చుట్టూ పడవల అడుగున పట్టే తెల్ల గుల్లలు పేరుకుని ఉన్నాయి. పురుగు తొలిచిన సన్నటి కంతలున్నాయి. గుల్లల మధ్య నా అక్షరాలు. 'ప' కింద తోక.

లోపలికి వెళ్ళి పెట్టె తెరిచాను. గుడ్డలో చుట్టిన కొత్త చెక్క పెట్టినచోటే ఉంది. వేపనూనె వాసన గుప్పుమంది.

రెండూ తెచ్చి బావ ముందు పక్కపక్కన పెట్టాను. బావ భూమి పొరల గురించి ఏమీ చెప్పలేదు. పాత చెక్క ఒక చివర పిడికెడు మేర లేదు. రాళ్ళకు అరిగిందేమో అన్నాడు.

అక్క దగ్గరికి వచ్చి ఆ చివర వేలితో తడిమింది. బావ జేబులోంచి ఆయన కలం తీసి పక్కన పెట్టింది. కలం మీద గాట్లు, మధ్యలో సన్నటి గట్టు. చెక్క మీద గాట్లు, మధ్యలో సన్నటి గట్టు.

"ఇవి మీ పళ్ళేనండి" అంది.

అరిచి చెప్పలేదు. వంటింట్లోకి వెళ్ళి, ఆయన దారికని చేసిన అటుకుల మూట విప్పి డబ్బాలో పోసేసింది. బావ అనుమతి కాగితం చింపేశాడు. ఆ సాయంత్రం మా నూతి నీళ్ళతో పప్పు ఉడికింది.

ఓడ అనుకున్న రోజునే బయల్దేరింది. క్షేమంగా చేరి, క్షేమంగా తిరిగొచ్చింది. అప్పలస్వామి వేసవంతా అదే పడవ మీద చేపలు పట్టి, బావ రాలేదని కోపంగా కబురు పెట్టాడు. ఏదో ఒకటి మునిగి ఉంటే ఈ కథ అతికేది. ఏదీ మునగలేదు.

కొత్త చెక్కను అక్క పొయ్యిలో పెట్టింది. అది సముద్రం మొహం చూడకుండానే బూడిదయింది. మరి నూతిలోంచి వచ్చినదేమిటో, దాన్ని నర్సీపట్నం చేర్చినవాళ్ళెవరో నాకు తెలియదు. దాన్ని కాల్చడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. వకీలుగారి కచేరీలో నా బల్ల కింద ఉంది.

మేనల్లుడికి ఇప్పుడు పళ్ళొస్తున్నాయి. చేతికి దొరికిన కొయ్యబొమ్మనల్లా కొరుకుతాడు. ఆ చప్పుడు వినగానే బావ లేచి వీధిలోకి వెళ్ళిపోతాడు. ఆయన కలాలు ఈమధ్య నున్నగా ఉంటున్నాయి.

ఆ చెక్కలో కొరకని భాగం ఇంకా వేపనూనె వాసన వేస్తుంది. ఒకసారి నాలిక తగిలించి చూశాను. ఆ రోజంతా అన్నం సహించలేదు. అంత చేదును పిడికెడు మేర నమిలి మింగాలంటే మనిషి ఆ సముద్రపు నీళ్ళ మీద ఎన్నాళ్ళు కూర్చుని ఉండాలో, ఎంత ఆకలి వేసి ఉండాలో, నాకు అంతు పట్టలేదు.