పైకి అనకూడని ఇల్లు

చేతులత్త కూర్చోగా చాలాకాలం నేను చూడలేదు. ఆసుపత్రి వెనక వరండా చివర్న ఆమె గది. అందులో కుర్చీలకు లోటు లేదు. ఒకదాని మీద ప్లాస్టిక్ రేకులు దొంతరగా ఉంటాయి, ఇంకోదాని మీద వెల్‌క్రో పట్టీల చుట్టలు, కిటికీ పక్కది పిల్లలది. ఆమె మాత్రం వేడినీళ్ల తొట్టికీ బల్లకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. మొదటిరోజు నేను కూడా మా అమ్మాయి చిట్టిని కుర్చీలో కూర్చోబెట్టి గదిలో అటూ ఇటూ నడుస్తుంటే ఆమె ఆగి చూసింది.

"ఏమ్మా, కాలు కాలిన పిల్లిలా తిరగడం ఈ గదిలో నా పని. నువ్వు ఆ గోడకి ఆనుకుని నిలబడు."

చేతులత్త అన్న పేరు పిల్లలు పెట్టింది. పడిపోయిన చేతులను వాలకుండా నిలబెట్టే స్ప్లింట్లు చేసి, వాటికి మళ్లీ పని నేర్పడం ఆమె ఉద్యోగం. ప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో వేస్తే తడిగుడ్డలా మెత్తబడుతుంది. దాన్ని పిల్ల ముంజేతి మీద పరిచి, గట్టిపడేదాకా రెండు చేతులతో పట్టుకుంటుంది. పిల్లలు కదలకూడని ఆ కాసేపూ అబద్ధాలు చెబుతుంది. తొట్టిలో మొసలి ఉందంటుంది. సర్జన్‌గారికి సూదంటే భయమంటుంది. మా చిట్టి ఆ రెండోది ఇప్పటికీ నమ్ముతుంది.

చిట్టి పుట్టేటప్పుడు భుజం అడ్డుపడింది. బయటికి తీసే తొందరలో మెడ నుంచి చేతిలోకి వెళ్లే నరాలు సాగిపోయాయి. మొదట్లో చెయ్యంతా వేలాడేది. నెలలు గడిచేకొద్దీ భుజానికి కదలిక వచ్చింది, మోచేతికి వచ్చింది, వేళ్లు ముడుచుకోవడం వచ్చింది. మణికట్టు మాత్రం రాలేదు. వంగిన మణికట్టుతో వేళ్లకు పట్టు చిక్కదు. ఎవరైనా చేతిని కిందికి వంచేసి గ్లాసు పట్టుకుని చూస్తే తెలుస్తుంది. ఆ చేత్తో ఏది పట్టుకున్నా జారిపోయేది. జారిన ప్రతిసారీ చిట్టి గ్లాసు వైపు కాక నా మొహం వైపు చూసేది.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. దొరికినదల్లా చదివాను. చదివినకొద్దీ భయపడటానికి కొత్త కొత్త సంగతులు దొరికాయి తప్ప నిద్ర దొరకలేదు. నిద్రలో ఉన్న పిల్ల స్ప్లింటు సర్దేదాన్ని, తింటున్న పిల్ల మణికట్టు కింద వేలు పెట్టేదాన్ని. మా ఇంట్లో "పైకి" అన్నమాట ఊపిరిలా అయిపోయింది. నేను పుస్తకంలోంచి తలెత్తి "పైకి, చిట్టీ" అనేదాన్ని. మా అమ్మ వంటింట్లోంచి "పైకమ్మా, పైకి" అనేది. మా ఆయన బూట్లకు లేసు కట్టుకుంటూ అనేవాడు. చెయ్యి కిందికి వంగితే ముగ్గురం ఒక్కసారే "కిందికి కాదు!" అని అరిచేవాళ్లం.

బడిలో వేసే వయసు వచ్చాక సర్జన్‌గారు, ఇక ఆ నరం నుంచి ఆశించడానికేమీ లేదన్నారు. మణికట్టును కిందికి లాగే కండరాలు ఒకటికి రెండున్నాయట. చిటికెనవేలి వైపు కండరం చివర ఉండే తాడును అక్కడ విడదీసి, ఎముక పక్కనుంచి తిప్పి, మణికట్టు వెనక కుడతారు. అప్పుడు కిందికి లాగేదే పైకి లేపుతుంది.

"కుట్టడం నా పని. ఆ తర్వాతదంతా చేతులత్త చేతిలో ఉంది. పిల్ల సిద్ధంగా ఉందని ఆవిడ చెబితేనే తేదీ ఇస్తాను" అన్నారు.

అలా మళ్లీ ఆ గదికి వెళ్లాం. చేతులత్త చిట్టి ముంజేతిని బల్లమీద వాల్చి, చిటికెనవేలి పక్కన ఒక గుడ్డ ఎలుకను పెట్టింది.

"ఇది నీ బిస్కెట్లు తినేసింది. చిటికెనవేలి అంచుతో నొక్కి తోసెయ్. పోవే ఎలుకా అను."

చిట్టి "పోవే ఎలుకా" అంది. చెయ్యి మాత్రం కదపలేదు. నా వైపు చూసింది.

"తొయ్యవే. ఎలుక నవ్వుతోంది చూడు."

చిట్టి పెదవి బిగించింది. ఎలుక అక్కడే ఉంది. చేతులత్త నాకేసి తిరిగింది.

"ఏమ్మా, ఈ పిల్లని ఎవరు భయపెట్టారు?"

"ఎవరూ భయపెట్టలేదక్కా."

"కిందికి వంచకూడదు. అమ్మకి ఇష్టం ఉండదు" అంది చిట్టి.

"నేనేమన్నా కొడతానా?"

"కొట్టవు. ఏడుస్తావు."

చేతులత్త పకపకా నవ్వింది. నవ్వు ఆగేలోపే తొట్టిలో నీళ్లు ఒంపింది, కిటికీ మూసింది, మళ్లీ తెరిచింది. తర్వాత నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"మనం పని మార్పించబోయేది ఆ కిందికి నొక్కే కండరానికే కదా. చోటు మారినంత మాత్రాన దానికి కొత్త పని తెలిసిపోదు. దానికి తెలిసిన పిలుపు ఒక్కటే, కిందికి నొక్కమని. అది కుట్టాక, పిల్ల నొక్కాలనుకుంటే చెయ్యి లేవాలి. మీరేమో నొక్కడాన్నే పిల్ల మరిచిపోయేట్టు చేస్తున్నారు. పైకి పైకి అంటే పాపం ఎప్పుడో పోయిన కండరాన్ని పిలుస్తుంది. అది పలుకుతుందా?"

నేను చదివిన పుస్తకాల్లో ఇది లేకపోలేదు. మా ఇంట్లో ఉన్న అలవాటుకు, ఆ పేరాకు ముడిపెట్టాలని మాత్రం నాకు తట్టలేదు.

"ఇవాళ్టి నుంచి మీ ఇంట్లో ఆ పైకి అన్న మాట వినపడకూడదు. అన్నవాళ్లని నా గదిలోంచి గెంటేస్తాను. అమ్మమ్మైనా సరే."

ఆ మాట లేకుండా బతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మా అమ్మ "ఆ డబ్బా పైకి..." అని నాలుక కరుచుకునేది.

"అమ్మా!"

"డబ్బా సంగతేనే తల్లీ! అటక మీదకి అనాలా ఇక?"

మా ఆయన ఫ్యాను తుడుస్తూ స్టూలు కావాల్సి వచ్చి, "నన్ను ఇంకొంచెం ఎత్తుకి చేర్చండి" అన్నాడు. చిట్టి పడీపడీ నవ్వింది. ఎలుక మా ఇంటికొచ్చింది. భోజనాల బల్ల మీద, కిటికీ గట్టు మీద, నా జవాబు పత్రాల మీద అది తోపులు తిన్నది. చివరికి చేతులత్త, పిల్ల సిద్ధమని సర్జన్‌గారికి కబురు పెట్టింది.

ఆమె ఇల్లు ఆసుపత్రికి దగ్గరే. భర్త స్కూటర్ మెకానిక్. స్ప్లింట్లకు కావలసిన తీగలు ఆయనే వంచి ఇస్తాడు. సాయంత్రం గేటు దగ్గర ఆగి హారన్ కొడతాడు, ఈమె "వస్తున్నా" అని అరిచి ఇంకో పిల్లను పిలుస్తుంది. ఒకరోజు ఆయనే లోపలికి వచ్చి నాతో అన్నాడు, "మా ఆవిడకి అన్నం ముద్ద దిగాలంటే ముందు ఎవరింటికో ఫోన్ చెయ్యాలమ్మా. కట్టు ఉందా, విప్పారా అని. నేను జ్వరంతో పడుకున్నా ఇంత అడగదు."

"నువ్వు కట్టు విప్పుకుంటావా ఏమిటి?" అంది ఆవిడ.

ఆ ఫోన్లకు కారణం గోడ మీద ఉంది. పిల్లల ఫోటోల మధ్య ఒక బాబు కొత్త బట్టల్లో నవ్వుతుంటాడు. ఆపరేషన్ అయ్యాక కుట్టు పూర్తిగా అతకకముందే ఇంటివాళ్లు ఫోటో బాగుండాలని స్ప్లింటు తీసేశారు. ఆడుతూ ఆడుతూ వాడు చేతిమీద పడ్డాడు. తాడు సాగింది. చెయ్యి మళ్లీ వాలిపోయింది.

"తీసిన ఫోటో నాకూ ఒకటి తెచ్చిచ్చారు, ప్రేమగా. పారెయ్యలేను, చూడలేను" అంది, పట్టీ కత్తిరిస్తూ. నేను ఆ రాత్రి చిట్టి స్ప్లింటును ఎన్నిసార్లు తడిమానో నాకే తెలియదు.

ఆపరేషన్ అయింది. సిమెంటు కట్టు కోసి తీసినప్పుడు లోపలి చెయ్యి సన్నగా, పొరలు రేగి, ఎవరిదో చెయ్యిలా ఉంది. చేతులత్త కొత్త స్ప్లింటు చేసింది. కొన్నాళ్లకు బల్లమీద ఎలుకను పెట్టింది.

"తోసెయ్."

ఏమీ జరగలేదు. మర్నాడు కూడా ఏమీ జరగలేదు. ఆ వారమంతా అంతే. చిట్టి కళ్లు మూసుకుని, మొహం ఎర్రబడేలా ప్రయత్నించేది. భుజం కదిలేది, మోచెయ్యి కదిలేది. మణికట్టు ఊరుకునేది. కుట్టు తెగిందేమో, తాడు చర్మానికి అతుక్కుపోయిందేమో, స్నానం చేయించినప్పుడు నేనే చెయ్యి సరిగా పట్టుకోలేదేమో. నా బుర్రలో ఇవి గానుగలా తిరిగేవి. చేతులత్త కూడా తిరుగుడు పెంచింది. అబద్ధాలు తగ్గించింది. అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

"తెగిపోయిందా అక్కా? దాచకండి."

ఆమె చిట్టి ముంజేతి మీద వేలితో నొక్కి చూసింది. "తీగలా తగులుతోంది. తెగలేదు."

"మరి?"

"మరి నువ్వు అలా ఊపిరి బిగబట్టి నిలబడితే పిల్ల తన చెయ్యి చూసుకుంటుందా, నిన్ను చూస్తుందా?"

గోడకు ఆనుకోమంది. ఆనుకున్నాను. కాసేపటికి నా కాళ్లు నన్ను మళ్లీ బల్ల దగ్గరికి తెచ్చాయి. స్ప్లింటు తీసిన ఆ చెయ్యి ఎలుక మీదకి వాలుతుంటే, నాకు తెలియకుండానే దాని కింద అరచెయ్యి పెట్టాను. ఎలుకకూ చిట్టి వేలికీ మధ్య ఇప్పుడు నా చెయ్యి ఉంది.

"అమ్మా, తియ్యి."

"పడిపోతుందేమోనమ్మా."

"ఎలుక కనపడట్లేదు. తియ్యి."

"కొంచెం పట్టుకుంటాను, అంతే."

"పో అమ్మా!"

కోపంగా, చిటికెనవేలి అంచుతో నా అరచేతిని నొక్కింది. నొక్కుదామనుకుంది. ఆ బరువు నా మీద పడలేదు. చిట్టి చెయ్యి నా అరచేతి మీంచి లేచింది. మధ్యలో ఒక వేలు పట్టేంత ఖాళీ. వణుకుతూ ఒక్క క్షణం నిలిచి, మళ్లీ వాలింది.

నేను కదల్లేదు. చేతులత్త వెనక్కి రెండడుగులు వేసి, చూసుకోకుండా ప్లాస్టిక్ రేకులున్న కుర్చీలో కూలబడింది. రేకులు ఫెళ్లుమన్నాయి.

చిట్టి ఇవేవీ పట్టించుకోలేదు. మళ్లీ నన్ను తొయ్యబోయింది, మళ్లీ అదే జరిగింది. ఒళ్లు మండి అత్తకు చాడీ చెప్పింది.

"అత్తా, ఈ చెయ్యి చెప్పిన మాట వినట్లేదు. తోస్తుంటే పైకి పోతోంది!"

"ఆ మాట అన్నదెవరు?" అంది చేతులత్త. గెంటేస్తానని వేలు చూపించబోయింది కానీ ఆ వేలితో కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. బయట గేటు దగ్గర హారన్ మోగింది. ఆమె "వస్తున్నా" అని అరవలేదు, లేవనూ లేదు.

"మళ్లీ తొయ్యి" అంది.

నేను నా చెయ్యి తెచ్చి మళ్లీ అక్కడే పెట్టాను. ఈసారి తోయించుకోవడానికి.